సాయవ్వ పెరటి పులి

నేను ఒక పులిని. కాకపోతే కడుపులో దూది, కళ్ళు గాజువి, మీసాలు ప్లాస్టిక్‌వి. కార్ఖానాలో నన్ను కుట్టినప్పుడు పసిపిల్లల పక్కలో పడుకోవడమే నా ఉద్యోగమనుకున్నాను. తీరా నన్ను కొన్న పట్నపు ఇంట్లో పిల్లాడు నా మొహం చూసి వీధంతా వినపడేలా ఏడ్చాడు. ఆ ఇంటికి పాలు పోసే రాజలింగానికి నన్ను అంటగట్టారు. ఖాళీ పాలక్యాన్ మీద కట్టుకొని ఊరికి వస్తుంటే, రోడ్డు పక్కన కూర్చున్న కోతుల గుంపు నన్ను చూసి చెట్లెక్కేసింది. పిల్లాడికి పనికిరాని మొహం పెరటికి పనికొస్తుందని అతనికి అప్పుడే తట్టింది.

ఆ పెరడు అతని భార్య సాయవ్వ ప్రాణం. కోతుల బాధకు ఊళ్ళో అందరూ పాదులు పెట్టడం మానేసి అంగడి కూరలకు అలవాటుపడ్డారు. ఆమె ఒక్కతే మొండికేసింది. రేకుల కప్పు మీద, విత్తనానికని వదిలిన ఒకే ఒక్క గుండ్రటి సోరకాయ ఎండుతోంది. ఆ రకం గింజ ఇంకెవరి దగ్గరా మిగల్లేదు. ఈ కాయ పోతే ఊళ్ళో ఆ తీగె ఇక ఉండదు.

సాయవ్వ నన్ను ఉన్నచోట ఉండనిస్తేనా! పొద్దున గోడ మీద, మధ్యాహ్నం చిక్కుడు పందిరి కింద, సాయంత్రం నల్లా దగ్గర. కదలని పులిని కోతులు నమ్మవట. అడవి పులికైనా పగటి కునుకు ఉంటుంది, నాకు అదీ లేదు. రేకు మీద ఆకు రాలినా ఉలిక్కిపడేదాన్ని.

ఇక మనుషుల తమాషా చెప్పాలి. మంగళవారం రాగానే రాజలింగం అరటిపండ్లు పట్టుకొని ఆంజనేయుడి గుడికి పోయి, ఆ కోతులకే పెట్టి వచ్చేవాడు.

"గుడికాడ మేపుడు, ఇంటికాడ కొట్టుడు! వాటికి రుచి మరిగించింది నువ్వే" అనేది సాయవ్వ.

"దేవునికి పెడ్తున్ననే. నీ చిక్కుళ్ళు తినుమన్ననా?"

"అయితే నీ దేవునికి చెప్పు, నా సోరకాయ ముట్టొద్దని."

బతుకమ్మ పండుగ ముందు ఒక మంగళవారం ఆమె ఇల్లంతా దులిపింది. బొంతలతో పాటు నన్నూ సబ్బునీళ్ళలో ముంచి పిండి, తోక పట్టుకొని దండేనికి వేలాడదీసింది. "పండుగపూట ఇంట్ల మురికి పులి ఎందుకు?" అంది. అంత తెలివిగల మనిషికీ ఆ ఒక్కటి తోచలేదు. తలకిందులుగా నీళ్ళు కారుతున్న పులికి ఎవరు భయపడతారు?

ముసలి కోతి ఒకటి వచ్చి నా మీసం లాగింది. నేనేమీ అనలేదు. అంతే, గుంపంతా దిగింది. ఒకటి నా పొట్ట చించింది, తడి దూది వాకిలంతా పడింది. ఇంకొకటి రేకులెక్కి సోరకాయ తెంపి, కొరికి, లోపల తినడానికేమీ దొరక్క కోపంతో కిందికి విసిరికొట్టింది. కాయ పగిలింది.

చీపురుతో పరుగెత్తుకొచ్చి కోతులను తరిమిన సాయవ్వ, పగిలిన కాయ చూసి అక్కడే కూలబడింది. గుడికి బయల్దేరిన రాజలింగం పండ్లతో గడపలోనే నిలబడిపోయాడు.

"గింజ ముదరకముందే పాయెనా?" అన్నాడు మెల్లగా.

ఆమె ఒక గింజ పంటి కింద పెట్టింది. టక్కుమంది. ఇంకొకటి పెట్టింది. అదీ టక్కుమంది.

"ముదిరినయ్. చూస్తవేంది? ఆ పండ్లు ఆడ పెట్టి గింజలు ఏరు."

అతను పండ్లు గోడ మీద పెట్టాడు. అవి ఏమయ్యాయో మీకు చెప్పనక్కర్లేదు.

గింజలు ఆరాక బూడిదలో కలిపి, గుడ్డలో మూటగట్టి, దూది పోయిన నా కడుపులో పెట్టి కుట్టేసింది సాయవ్వ. ఇప్పుడు ఇంట్లో దూలానికి వేలాడుతున్నాను. నన్ను కదిపేవాళ్ళు లేరు, చూసి జడిసేవాళ్ళూ లేరు. హాయిగా నిద్రపోవాల్సిన బతుకే. కానీ పైన రేకు చప్పుడైతే చాలు, కడుపులో మూట కదిలినట్టవుతుంది. తొలకరి పడి సాయవ్వ నా కుట్లు విప్పేదాకా నాకు కునుకు లేదు.