మోతీ భవన్ కొక్కేలు

మోతీ భవన్‌ను కూల్చి కొత్తది కడతారని తెలిసిన నాటినుంచి కింది అంతస్తులోని పెద్ద గది మీద తగాదా మొదలైంది. ఆ గదిలో తెలుగు నేలనుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఏళ్లుగా మార్కండేయుడి పటం పెట్టుకుని పూజలు చేసుకుంటున్నారు. ఈ భవనం పుట్టిందే మగ్గాల కోసమనీ, కొత్త దాంట్లోనూ తమకో గది రావాలనీ వాళ్ల వాదన. కాదు, అది మా ఇంటి ముందుగది, పూజకు వాడుకోనిచ్చామంతే అంటాడు పాత యజమాని కొడుకు కిరీట్. రుజువు చేసే కాగితాలన్నీ తాపీ నది వరదలో ఎప్పుడో పోయాయి.

పద్మశాలీల తరఫున పాత సంగతులు ఆరా తీసే పని స్వరాజ్యం మీద పడింది. బడి ముఖం చూడకపోయినా పొట్లాల కాగితాలు చదివి తెలుగు, దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ నేర్చుకున్న మనిషి. అందరూ అడుగుతుంటే ఆమెకు లోపల భయమూ వేసింది, గర్వమూ కలిగింది.

ఆ గది కప్పుకు నాలుగు ఇనుప కొక్కేలున్నాయి. వాటిని చూడగానే ఆమెకు ఊరు గుర్తొచ్చింది. పుట్టింట్లో నాయిన మగ్గాన్ని దూలానికి ఇలాగే వేలాడగట్టేవాడు. ఊరు విడిచే రోజు ఆయన ఆ తాళ్లు విప్పుతుంటే గుమ్మంలో నిలబడి చూసిన పిల్ల ఆమె. నేత ఇళ్ల అలవాటు ప్రకారం ఒక పడుగు పోగు తీసుకుని, కొక్కేనికీ కొక్కేనికీ మధ్య దూరం కొలిచి ముడులు వేసింది. మగ్గం వెడల్పే అనిపించింది. అనిపించాలని ఉంది కాబట్టి అనిపించింది.

గది గురించి పెట్టిన మీటింగులో కిరీట్ అవి ఊయల కొక్కేలన్నాడు. సేట్ల ఇళ్లలో ఊయల బల్లలు స్వరాజ్యం చూడనివి కావు. అయినా ఆమె నోరు ఆగలేదు.

"గింత ఇనుము ఊయలకా? ఏంది బిడ్డా, మీ ఇంట్ల ఏనుగు ఊగిందా?"

గదంతా నవ్వింది. కిరీట్ తల వంచుకుని వెళ్లిపోయాడు.

కిరీట్ ముసలితల్లి హంసాబెన్ నోటినుంచి ఒక్క మాట రాబడితే గది మనదేనన్నాడు సంఘం పెద్ద నరహరి. కిరీట్‌నే అడిగి చిరునామా తెచ్చి ఇచ్చాడు. హంసాబెన్ కోసాడ్‌లో, సర్కారు కట్టిన ఇళ్లలో, కూతురి దగ్గర ఉంటోంది.

స్వరాజ్యం వెళ్లేసరికి ఆమె కిటికీ పక్కన ఒక పొడవాటి చెక్కబల్ల మీద కూర్చుని ఉంది. రా బెన్ అని చెల్లెల్ని పిలిచినట్టు పిలిచి పక్కనే కూర్చోబెట్టుకుంది. చాయ్ వచ్చింది, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముక్కలు, వెచ్చటి ఖమణ్ వచ్చింది. బల్ల నాలుగు మూలలా గొలుసులు తగిలించే ఇత్తడి కడియాలున్నాయి.

హంసాబెన్ మందులకని లోపలికి వెళ్లినప్పుడు స్వరాజ్యం కొంగుముడి విప్పి పోగు తీసింది. కడియం నుంచి కడియానికి చాచింది. ముడి సరిగ్గా కడియం మీదికే వచ్చింది. పొడుగూ అంతే, వెడల్పూ అంతే.

తిరిగొచ్చిన హంసాబెన్ తనంతట తనే చెప్పుకుపోయింది. ఆ ఇల్లు వదిలిన రోజు అన్నీ ఇచ్చేసి ఈ బల్లను మాత్రం తెచ్చుకుందట. వేలాడదీయడానికి ఇక్కడ కప్పు చాలదట. దేవుణ్ణి పెట్టుకోవడానికి చోటు లేదని మీ ఆడవాళ్లు ఏడిస్తే, ఊయల తీసిన ఆ గది వాడుకోమన్నది తానేనంది. చివరికి నవ్వుతూ, మీటింగులో ఎవరో ఏనుగు ఊగిందా అని అడిగారట, అప్పట్లో నేను కట్టెపుల్లలా ఉండేదాన్ని బెన్, అంది.

స్వరాజ్యం ఖమణ్ ముక్కను పొడి పొడిగా చిదిమింది. అది నేనే అనలేకపోయింది. హంసాబెన్ ఆమె పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

మరుసటి మీటింగులో స్వరాజ్యం లేచి నిలబడింది. నరహరి ఆమె చెంగు పట్టి లాగాడు.

"జర కూసో చిన్నమ్మా. ఎవలకు ఎరుక?"

"నాకెరుకనే" అని పోగును అందరి ముందు చాచింది. "కొక్కేలు మనయి గావు. గీ గది ఆ తల్లి మనకు వాడుకోనీకి ఇచ్చింది. లేని మగ్గం నేనే చూసిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆమె వైపు చూడకుండానే వెళ్లిపోయారు. నరహరి మార్కండేయుడి పటాన్ని గోడమీంచి దించి గుడ్డలో చుట్టసాగాడు. మేకు ఊడి కింద పడింది.

స్వరాజ్యం కిరీట్ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది.

"ఆ ఏనుగు మాట అన్నది నేనని మీ అమ్మకు చెప్పకు బిడ్డా."

నేతవాళ్ల పిల్లలతో ఆడుకుని తెలుగు నేర్చినవాడు కిరీట్.

"నువ్వు వోతున్నవని నేనే ముందుగాల ఫోన్ చేసిన మాసీ. ఏనుగు మాట నీదేనని ఆమెకు ఎరుకే. ఖమణ్ నీ కోసమే చేయించింది."

స్వరాజ్యం చేతిలోని పోగును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది, వేలు నల్లబడేదాకా.