గోళ్ళ కింద లక్క

ఆస్పత్రికి బయలుదేరే ముందు తమ్ముడు అన్నగారి చేతులు కడిగాడు. బకెట్టు పక్కన పీట వేసి కూర్చోబెట్టి, పాత టూత్‌బ్రష్ సబ్బునురగలో ముంచి, ఒక్కొక్క వేలూ పట్టుకుని గోళ్ళ కింద గోధుమరంగులో ఇరుక్కున్న లక్కంతా గీకి తీశాడు.

"పెద్దవాళ్ళ ముందు కూర్చోబోతున్నాం అన్నయ్యా. చేతులు శుభ్రంగా ఉండాలి."

"పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నావేంట్రా?" అని నవ్వాడు అన్న, చెక్క సామానుకు పాలిష్ వేసే మేస్త్రి. నవ్వాడు గానీ కళ్ళు చెమర్చాయి. అమ్మ పోయాక తన చేతులు అంత మెల్లగా పట్టుకున్నవాళ్ళు లేరు.

మేస్త్రి కాలేయం పాడైపోయింది. తాగి తాగి పాడుచేసుకున్నాడు, అందులో దాపరికం ఏమీ లేదు. కొత్త కాలేయం కోసం పేరు ఎక్కించాలంటే ఆర్నెల్లపాటు చుక్క ముట్టకూడదన్నారు ఆస్పత్రివాళ్ళు. పిలిచినప్పుడల్లా వచ్చి మూత్రపరీక్ష చేయించుకోవాలి, ఇంట్లో ఒకరు పూచీ ఉండాలి. స్పిరిట్‌లో లక్క కరిగించి చేసే పాలిష్ జోలికి అసలు పోవద్దన్నారు. ఆ ఆవిరి పీల్చినా పరీక్షలో తాగినట్టే కనపడొచ్చట. ఇద్దరూ కలిసి నడిపిన పాలిష్ షాపు ఇప్పుడు ఒక్కడే చూసుకుంటున్న తమ్ముడు పూచీ ఉన్నాడు. "షాపు గడప తొక్కనిస్తే నన్నడగండి" అని వదినకు మాటిచ్చాడు.

మేస్త్రి పంటి బిగువున మానేశాడు. సాయంత్రమైతే కాళ్ళు వాటంతట అవే పాత దారి పట్టేవి. వాటిని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, నాలుగు వీధులు చుట్టి ఇంటికొచ్చేవాడు. అయిదో నెల గడుస్తోంది. పొట్ట ఉబ్బుతోంది, కళ్ళు పచ్చబడుతున్నాయి. ఇంకో ఆర్నెల్లు ఆగే ఓపిక ఈ ఒంటికి లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

పోయిన వారం ముసురు పట్టింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్ద బల్ల అన్నయ్యా, రేపే పట్టుకెళ్తారు. నేనెంత రుద్దినా మెరుపు రావట్లేదు, మచ్చలు పడుతున్నాయి. నువ్వొక్కసారి చెయ్యి వెయ్యి. వదినకి చెప్పకు."

తమ్ముడు కాళ్ళావేళ్ళా పడితే కాదనగలడా? తేమగాలి తగిలితే లక్క తెల్లబడిపోతుంది. అందుకని తలుపులూ కిటికీలూ బిగించి, గుడ్డముద్ద చేత్తో పట్టుకుని సాయంత్రం దాకా రుద్దాడు. బల్ల అద్దంలా తేలింది. పెళ్ళినాటి నుంచి ఆ గోళ్ళను అదే రంగులో చూసిన మనిషి కాబట్టి, ఇన్ని నెలల తర్వాత మళ్ళీ ఆ రంగెక్కినా భార్య కంటికి ఆనలేదు.

ఆస్పత్రిలో చిన్న గది. బల్లకు అటువైపు కౌన్సెలరమ్మ, ఇటువైపు మేస్త్రి, భార్య, తమ్ముడు.

"పోయిన వారం ఇచ్చిన మూత్రపరీక్షలో మందు ఆనవాలు కనపడిందండీ" అందామె.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు. "అది పాలిష్‌దమ్మా! పోయిన వారం షాపులో ఒక బల్లకి వేశాను. తప్పే, కొట్టండి. కానీ తాగలేదు."

"ఆ మాట మీ పూచీదారు కూడా చెబితే రక్తం తీసి మళ్ళీ చూస్తాం, ఇన్నాళ్ళ లెక్క పోదు" అని ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "పూచీ మీది కదా. ఆయన షాపుకి వచ్చారా?"

తమ్ముడు వదిన మొహంలోకి చూశాడు. అవునంటే ఇంట్లో తలెత్తుకోలేడు, అన్న ప్రాణం మీదికి తెచ్చినవాడవుతాడు. ఆ పిరికితనం కాస్తా నోట్లోంచి మర్యాదగా బయటికొచ్చింది.

"లేదు మేడమ్. నేను రానివ్వలేదు. తాగిన రోజుల్లో కూడా అన్నయ్య ఇలాగే కథలు చెప్పేవాడు."

మేస్త్రి విసురుగా తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆ రోజు మీ చొక్కా స్పిరిట్ కంపు కొడితే పాలిష్ పనికి వేసుకున్న పాత చొక్కా అనుకున్నాను, అది సారా కంపన్నమాట" అంది భార్య. "ఎంత పిచ్చిదాన్ని!"

"తాగలేదే! అమ్మ మీద ఒట్టు! కావాలంటే నా గోళ్ళు చూడండమ్మా, కింద లక్క…"

రెండు చేతులూ బల్ల మీద చాపాడు. ముగ్గురూ చూశారు. పది గోళ్ళూ పసిపిల్లాడి గోళ్ళలా తెల్లగా ఉన్నాయి.

కౌన్సెలరమ్మ నిట్టూర్చింది. "నిన్న ఫోన్‌లోనే మీ తమ్ముడికి ఫలితం చెప్పానండీ. ఇంట్లో మాట్లాడి, నిజం ఒప్పించి తీసుకురమ్మన్నాను కూడా."

నిన్న. అంటే పొద్దున ఆ బకెట్టు దగ్గర, ఒక్కో వేలూ అంత మెల్లగా పట్టుకున్నప్పుడు వీడికి అన్నీ తెలుసు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది, ఏడుపొచ్చింది. ఏది ముందు వచ్చిందో అతనికే తెలియదు. తాగుడు కూడా తననింత మోసం చేయలేదు.

ఇవాళ్టి నుంచి మళ్ళీ ఆర్నెల్లు లెక్కపెడతామని ఆమె చెబుతూనే ఉంది. తరువాతి పరీక్ష ఎప్పుడో కూడా చెప్పింది. భార్య వెనక్కి చూడకుండా లేచి వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర తమ్ముడు మోచెయ్యి పట్టుకోబోయాడు. "జాగ్రత్త అన్నయ్యా."

మేస్త్రి చెయ్యి విడిపించుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగాడు. కింద ఆగి తమ్ముడి వైపు తిరిగాడు.

"చేతులు భలే కడిగావురా" అన్నాడు. "నేను పోయాక స్నానం కూడా నువ్వే చేయించు."