రెండాకులు ఎక్కువ

కల్లంలో ఆకు కట్టలు లెక్కపెట్టి కొనే కల్లేదారు ప్రభాకర్ ఆ మాట నవ్వుతూనే అన్నాడు. విన్నవాళ్లంతా కూడా నవ్వారు. భీమక్క ఒక్కతే నవ్వలేదు.

"ఏం భీమక్కా, జంపన్నకు జరమొచ్చి తెలివి గిట్ల పెరిగిందా ఏంది? ఐదు రోజుల సంది కట్టకు సరిగ్గ యాభై ఆకులే వస్తున్నయ్. నా రెండాకులు ఏడ పాయె?"

బీడీలు చుట్టే తునికాకు కట్టకు యాభై ఆకులు. ములకలపల్లి అడవి పక్క ఏ గూడెంలో, ఏ కల్లంలో అడిగినా లెక్క అదే. ఒక్క భీమక్క మొగుడు జంపయ్య కట్టకు మాత్రం యాభై రెండు. పదిహేనేళ్ల కిందట పాత కల్లేదారు ఒకడు అతని కట్ట విప్పి, చినిగిన ఆకులు రెండు తీసి పక్కన పారేసి, పదిమందిలో దొంగ అన్నాడు. జంపయ్య మారు మాట్లాడలేదు. ఆ ఇంట్లో మాట్లాడే నోరు భీమక్కది. అతని జవాబంతా చేతుల్లోనే ఉండేది. మర్నాటి నుంచి ప్రతి కట్టలో రెండాకులు ఎక్కువ వేయడం మొదలుపెట్టాడు. ఆ కల్లేదారు పోయాడు, ప్రభాకర్ వచ్చాడు, రెండాకులు మాత్రం పోలేదు. "అడవి నీ అబ్బ సొమ్మా, ఊరికే పంచనీకి?" అని భీమక్క ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. తిట్టినప్పుడల్లా ఇంకో కట్ట కట్టేవాడు, రెండాకులు వేసి మరీ.

అలాంటి మనిషి రెండాకులు మానేశాడంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అక్కడే చతికిలబడి ఒక కట్ట విప్పింది. యాభై. ఇంకొకటి విప్పింది. యాభై. మూడో కట్ట చేతిలోకి తీసుకుంది. ముడి చూస్తే అతనిదే. నారను రెండు చుట్లు తిప్పి కొసను ఆకుల నడుమకు దోపడం ఆ కల్లం మొత్తంలో జంపయ్యకు తప్ప ఎవరికీ రాదు. చెయ్యి ఆయనదే, లెక్క ఆయనది కాదు. ఇదెట్లా?

"ఏందక్కా, నవ్వులాటకన్న. గంత దానికే మొహం గట్ల వెట్టినవ్?" అన్నాడు ప్రభాకర్, ముక్కు మీది గుడ్డ కిందికి లాగి.

భీమక్క లేచింది. ఎండకు పరిచిన కట్టల మీదుగానే నడుచుకుంటూ వాగు వైపు వెళ్లిపోయింది. ఇంకొకళ్లు అలా తొక్కితే వాళ్ల ఏడు తరాలనూ లేపి తిట్టే మనిషి ఆమె.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. పక్క గూడెంలో జంపయ్య మేనమామ పోతే అందరితో పాటు అతనూ వెళ్లాడు. చావుకు వెళ్లి దూరం నుంచి దండం పెట్టి రావడం ఆ గూడేల్లో మర్యాద కాదు. మీద పడాలి. గడ్డం పట్టుకోవాలి. పోయినవాడు బతికిన బతుకంతా రాగం తీసి చెప్పి ఏడవాలి. పక్కన డోలు మోగాలి. ఇవేవీ లేకుంటే ఆ మనిషిని మట్టిలో దాచారంటారే గానీ సాగనంపారనరు. మేనమామను బాగానే సాగనంపారు. సాగనంపిన వాళ్లలో తొమ్మిది మంది మంచం పట్టారు, ముగ్గురు అతని వెంటే పోయారు. ములకలపల్లిలో ముక్కులో పుల్ల పెట్టి చూసి జంపయ్యకు కూడా ఉందన్నారు.

గూడెం పెద్ద బొజ్జయ్య జంపయ్యకు చిన్ననాటి నేస్తం. తీర్పు చెప్పే పాడు పని అతని మీదే పడింది. పద్నాలుగు రోజులు జంపయ్య వాగు అవతల చేను గుడిసెలో ఉండాలి. భీమక్కకు ఆయాసం. ఎండాకాలం దుమ్ముకే ఊపిరందక కుక్కి మంచంలో కూర్చుని తెల్లవార్లూ రొప్పే మనిషి. ఆమె వాగు దాటడానికి వీల్లేదు. మాట చెప్పి, ఊరి బాటకు ముళ్లకంప అడ్డం వేయించి, బొజ్జయ్య కర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఖమ్మంలో గ్రానైట్ పనికి వెళ్లిన జంపయ్య కొడుకు రాజు సంగతి ఎవరికీ తెలియదు. గుట్ట ఎక్కితే గానీ ఫోను పలకదు. ఎక్కి చేస్తే స్విచ్ఛాఫ్ అని వస్తోంది.

నిజం చెప్పొద్దూ, ముప్పై ఏళ్లు ఒకే గుడిసెలో ఉన్నప్పటి కంటే వాగు అడ్డం వచ్చాకనే ఆ మొగుడూ పెళ్లాలు ఎక్కువ ముచ్చట్లాడుకున్నారు. పొద్దున్నే ఆమె సొరకాయ బుర్రలో జావ పోసి వాగు నడుమ బండ మీద పెట్టి వెనక్కి వచ్చేది. కాసేపటికి వెళ్లి చూస్తే జావ ఉండేది కాదు, ముందురోజు కట్టిన తునికాకు కట్టలు ఉండేవి. ఊరికే కూర్చుంటే జబ్బు ముదురుతుందని జంపయ్య చేను వెనక గట్టు మీద ఆకు కోసి కట్టలు కట్టేవాడు. సాయంత్రం ఆమె ఇటు ఒడ్డున నిలబడి అరిచేది. వెదురు పొదలు అడ్డం కాబట్టి అటు మనిషి కనిపించేవాడు కాదు. అరిచే ఓపిక లేక, పందులను బెదిరించే నూనె డబ్బాను కట్టెతో కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే అవ్. రెండు దెబ్బలంటే కాదు.

"జావ తాగినవా?" ఠంగ్.

"జరమున్నదా?" ఠంగ్, ఠంగ్.

ఎవరి మేక ఈనింది, ఎవరికి జ్వరం తగ్గింది, ప్రభాకర్ ఎవరి కట్టలు తిప్పికొట్టాడు, అన్నీ చెప్పేది. మూడు రోజుల కిందట కడుపు రగిలి కొడుకును తిట్టింది. "నీ ముద్దుల కొడుకు ఒక్క ఫోన్ జెయ్యలే. మనం చచ్చినా రాడు వాడు. అవునా, కాదా?" అంది. డబ్బా మోగలేదు. "కొడుకును ఒక్క మాటంటే పడవు నువ్వు" అని డబ్బాను కూడా కలిపి తిట్టి ఇంటికి వచ్చేసింది.

ఇప్పుడు అదే ఒడ్డున నిలబడి ఉంది. పొద్దు ఇంకా వాలలేదు. ఏమని అడగాలి? ఉన్నావా అంటే ఎవరు కొట్టినా ఒక దెబ్బే కదా!

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఈత సంగతి.

జంపయ్య తనను పెళ్లికి అడగడానికి వచ్చిన రోజున వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఆ వాగును ఈది వచ్చాడని గూడెమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. రాజుకు ఊహ తెలిసినప్పటి నుంచి తండ్రి ఆ కథ వందసార్లు చెప్పి ఉంటాడు. అసలు సంగతేమిటంటే జంపయ్యకు ఈత రాదు. బొజ్జయ్య దోనె తోస్తుంటే రెండంచులూ పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుని వచ్చాడు. గట్టు దగ్గర దిగి, మోకాటి లోతు నీళ్లలో మునిగి, బట్టలు తడుపుకుని మరీ నడిచొచ్చాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా. ఆ సంగతి బొజ్జయ్యకూ ఈ ఇద్దరికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఎప్పుడైనా మొగుడిని ఏడిపించాలనిపిస్తే, ఎవరూ లేనప్పుడు, "ఈదొచ్చినవా?" అని అడిగేది. "లేదే తల్లీ, నోర్మూస్కో" అని చేతులు జోడించేవాడు.

భీమక్క ఊపిరి కూడదీసుకుని అరిచింది. "ఓ రాజు అయ్యా! ఒక్క మాట అడుగుత. నన్ను అడగనీకి వచ్చిన్నాడు వాగు ఈదొచ్చినవా నువ్వు?"

ఠంగ్.

ఒక్క దెబ్బ. గట్టిగా, గర్వంగా మోగింది.

ఆమె రెండో దెబ్బ కోసం చూసింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఇంకా చూసింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. భీమక్కకు మాట రాకపోవడం ఆ బతుకులో అదే మొదటిసారి.

"ఎవర్రా నువ్వు?" అంది కడకు, తనకే వినపడనంత మెల్లగా. ఆ వెంటనే గొంతు చించుకుని, "ఎవర్రా అక్కడ?" అని చీర ఎగదోపి వాగులోకి దిగింది.

"రావద్దమ్మా! అక్కడ్నే ఆగు, రావద్దు!"

వెదురు పొదలు చీల్చుకుని రాజు బయటికి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. భుజం మీద తండ్రి తువ్వాల, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో కట్టె. ఒక్క లిప్తపాటు ఆమె గుండెల్లో సంతోషం పొంగింది. కొడుకు బతికే ఉన్నాడు, ఎదురుగా ఉన్నాడు. ఆ పొంగు దిగక ముందే అడిగింది.

"అయ్య ఏడి?"

రాజు డబ్బా వైపు చూశాడు.

"ఉన్నడా మీ అయ్య?"

చేతిలో కట్టె లేచింది. ఠంగ్. ఇంకోసారి లేచింది. ఠంగ్.

భీమక్క మోకాలి లోతు నీళ్లలో నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. చూపు ఆ డబ్బా మీదే ఉండిపోయింది. ఎన్ని సాయంత్రాలు దానితో సంసారం చేసింది తను!

రాజు అక్కడి నుంచే చెప్పాడు. పని బందైతే ఖమ్మం నుంచి దొరికిన బండీ ఎక్కీ, దొరకని చోట నడిచీ, జంపయ్య వాగు దాటిన నాలుగో రోజున వచ్చాడట. ఫోను దారిలోనే పోయింది. కంప దగ్గర బొజ్జయ్య ఆపి, ఊళ్లోకి కుదరదు, నీ అయ్య దగ్గరికి పొమ్మన్నాడు. ఆరో రోజు తెల్లవారుజామున జంపయ్యకు ఊపిరందకపోతే రాజు ఉరికి బొజ్జయ్యను పిలుచుకొచ్చాడు. పొద్దు పొడవక ముందే జంపయ్య పోయాడు. బొజ్జయ్యా తనూ కలిసి చేను మూలన పూడ్చారు.

"నీకు జెప్తే ఉరికొచ్చి మీద పడతవన్నడమ్మా అయ్య. నీ ఆయాసానికి రెండ్రోజులు గూడ నిలవదన్నడు. పద్నాలుగు దినాలు తానున్నట్టే నడిపియ్యమని చేతిల చెయ్యి ఏయించుకున్నడు. నాగ్గూడ జరమొచ్చింది, నిన్ననే దిగింది. దగ్గరికి రాకమ్మా."

"కట్టలు నువ్వే కట్టినవా?"

"అవ్. అయ్య నేర్పిన ముడే గద."

"మరి రెండాకులేవిరా?"

రాజుకు అర్థం కాలేదు. "ఏ రెండాకులు? యాభై అనే నేర్పిండు నాకు."

కొడుక్కి సరైన లెక్క నేర్పి, ఆ దొంగ మాట తాలూకు రెండాకులు తన ఒక్కడి మీదే వేసుకున్నాడన్నమాట. భీమక్క నీళ్లలో రెండడుగులు వేసింది. జావ పెట్టే బండ మీద కూలబడింది.

వెనక ఒడ్డున అలికిడైంది. కేక విని బొజ్జయ్య కర్ర పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"రోజు నా ముంగట్నుంచే పోయినవ్ గద బొజ్జన్నా" అంది ఆమె, తల తిప్పకుండా. "ఐదు దినాలు చచ్చినోనికి జావ గాసిన. నన్ను గట్ల జూస్త కూసున్నవా? మీ ఇద్దరు మొగోళ్లు గలిసి నా ఏడుపు గూడ దాచిపెడితిరా?"

"మాట దీసుకున్నడు భీమక్కా. నేనేం జెయ్య?" బొజ్జయ్య ఒడ్డున నేల మీదే కూర్చుని తువ్వాలతో మొహం కప్పుకున్నాడు.

ఆమె కొడుకు వైపు చూసింది. ఇటు గట్టు ఎంత దూరమో అటు గట్టూ అంతే దూరం. పది అడుగులు వేస్తే కొడుకు, ఇంకో నూరు వేస్తే మొగుడి మట్టి.

"మీ అయ్యకు డోలు కొట్టిన్రా?"

"లేదమ్మా. చప్పుడైతే నీకు తెల్సిపోతదని..."

"ఇప్పుడు కొట్టు."

రాజు తెల్లబోయి చూశాడు. తర్వాత డబ్బా బోర్లించి కొట్టడం మొదలుపెట్టాడు, ఒకటీ రెండూ కాదు, ఆగకుండా. ఆ చప్పుడుకు గూడెం ఒడ్డుకు వచ్చింది. కల్లం వదిలేసి ప్రభాకర్ వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే బారెడు బారెడు దూరంలో నిలబడ్డారు.

భీమక్క బండ మీద కూర్చునే రాగం ఎత్తింది. చావు ఏడుపులో లేని గొప్పలు చెప్పకూడదు. బతికింది బతికినట్టే చెప్పాలి.

"వాగు ఈది రాలేదురా మీ అయ్య... బొజ్జన్న దోనెల కండ్లు మూస్కోని వచ్చిండురా... ఒడ్డుకొచ్చి బట్టలు తడుపుకున్నడురా నా రాజు..."

ఎవరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొజ్జయ్య భుజాలు కదులుతున్నాయి. రాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తండ్రి ఈతను ముప్పై ఊళ్లలో చెప్పుకుని తిరిగినవాడు మరి.

భీమక్క రాగం ఆపింది. ఊపిరి పిల్లికూతలు కూస్తుండగా, నీళ్లలోకి ఒక కాలు దించి, కొడుకు కళ్లలోకి చూసింది.

"ఆపకురా రాజు. నువ్వు ఆపితే నేను ఆ ఒడ్డుకొస్త."

రాజు మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. ఆపలేదు.