ఏడాదికొక నడక

ఆ కొండ మీది కాలిబాటకు పాత నియమం ఒకటి ఉంది. ఏడాదిలో ఒక్కసారైనా ఎవరో ఒకరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడవాలి. బంధువు కాని మనిషి సాక్షిగా వెంట ఉండాలి. గడువు దాటిందా, బాట కొండ యజమాని సొంతమైపోతుంది. ఆ గడువు ఇవాళ సాయంత్రంతో సరి. ఊళ్లో సగం మందికి ఆ యజమాని దగ్గరే కొలువు, మిగతా సగానికి ఆయనంటే భయం, ఇక సాక్షిగా వచ్చేదెవరు?

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది తోడికోడలు, దర్జీ అత్త బూట్లు బిగించుకుంటుంటే. "సాక్షి లేకుండా నడిచి ఏం లాభం?"

"కొండవతల మా అక్క మంచాన పడి ఉంది. ఈ బాటన రెండు గంటలు, రోడ్డు చుట్టూ అయితే ఒక పూట. లాభం సంగతి తర్వాత చూద్దాం."

గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "పైకి వెళ్లకూడదమ్మా. అయ్యగారి ఆర్డరు."

"సాయంత్రం దాకా ఇది ఊరి బాటే బాబూ," అని అత్త అతని చెయ్యి కింద నుంచి దూరి వెళ్లిపోయింది. అరవై దాటిన మనిషి మీద చెయ్యి వేయడానికి అతనికి మనసు రాలేదు. ఊరుకుంటే ఉద్యోగం ఊడుతుంది. అందుకని "దిగండమ్మా, దిగండి" అని అరుస్తూ వెనకాలే నడిచాడు.

పైన నేలంతా నీళ్లు పట్టిన నాచు. పచ్చగా నున్నగా ఉన్నచోటల్లా అడుగున బురదే, ఎండిన గరుకు గడ్డి ఉన్నచోటే కాలు నిలుస్తుంది. అత్త కర్రతో పొడిచి చూసుకుంటూ గడ్డి దుబ్బుల మీద అడుగులేసింది. తుంటి సలుపుతోంది, సలపనీ. ఇన్నేళ్లూ ఎవరెవరి కొలతలకో బట్టలు కత్తిరించింది. తన నడకను మాత్రం ఒకరి కొలతకు కత్తిరించే ప్రసక్తే లేదు.

వాచ్‌మన్ ఆమెను దాటి ముందుకొచ్చి అడ్డుకోవాలని పచ్చటి నేల మీదుగా పరుగెత్తాడు. మొలలోతు దిగబడ్డాడు.

వదిలేసి పోదామని ఒక్క క్షణం అనిపించింది అత్తకు. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కర్ర అందించి, "తన్నుకోకు. బోర్లా పడుకుని పాకు," అంది. అతన్ని బయటికి లాగేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇప్పుడైనా దిగండమ్మా," అన్నాడు వణుకుతూ.

"వెనక్కెంతో ముందుకూ అంతే దూరం. నా అడుగులో అడుగు వెయ్యి. అరవాలంటే అరుస్తూనే రా, జీతం తీసుకుంటున్నావుగా."

అవతలి ఊళ్లో, ఈ నడకలు నమోదు చేసే బాటల ఆఫీసు గుమాస్తా అప్పుడే తలుపుకు తాళం వేయబోతున్నాడు. "నడిచారు సరే, సాక్షి ఎవరు?" అని అడిగాడు.

వాచ్‌మన్ ఆత్రంగా ముందుకొచ్చాడు. "నేను ఆపాను సార్. అడుగడుగునా ఆపాను. అయ్యగారికి తెలిసేలా రాసుకోండి."

"ఎక్కడి నుంచి ఆపావు?"

"కింద గేటు దగ్గర నుంచి సార్."

"ఎక్కడి దాకా?"

"ఈ గుమ్మం దాకా."

"ఈవిడ నీకేమవుతారు?"

"ఏమీ కారు సార్."

గుమాస్తా రిజిస్టరు తెరిచి కలం అతని ముందు పెట్టాడు. తానేం చెప్పాడో వాచ్‌మన్‌కు అప్పుడు అర్థమైంది. కలం వంకా, తన ఒంటి మీది బురద వంకా, చివరికి అత్త వంకా చూశాడు. ఆమె బతిమాలలేదు. అతను కలం అందుకున్నాడు.

"ఆపానని కూడా రాస్తానమ్మా."

"రాయి నాయనా. ఏ అడుగూ వదలకుండా రాయి."