విజిల్ పడని దెబ్బలు

జొన్న రొట్టె కొట్టడానికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి తడుతుంటే రెండోది అంచు ఆపాలి, లేకపోతే పిండి పగులుతుంది. ఆ సోమవారం పొద్దున నా కుడిచేతి రెండు వేళ్లు ఉబ్బి నల్లబడి ఉన్నాయి. ఎడమచేత్తో కొట్టాను. మొదటి రొట్టె పెనం మీదికి పోకముందే చీలింది.

అత్తమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా వేళ్లు చూసింది. చూసి మళ్లీ కాయల్లోకి తల దించింది.

"గుండ్రంగ వస్తలేదు. కుక్క కొరికినట్టుంది అంచు" అంది. ఇంకో కాయ ఈనె లాగుతూ, "ఎవలన్న అడిగితె బంతి తాకిందని చెప్పు" అంది.

ఎవరూ అడగరు. ఆ ఇంటికి నా వల్ల ఉన్న సౌకర్యం అదే. నేను బాస్కెట్‌బాల్ ఆడతాను. ఆటే నా ఉద్యోగం. ఆటల కోటాలో వికారాబాద్ ఆఫీసులో కుర్చీ ఇచ్చారు గానీ, ఏడాదిలో సగం రోజులు డిపార్ట్‌మెంట్ జట్టుతో ఊళ్లు తిరుగుతాను. వేలు వాచినా, పెదవి పగిలినా, కుంటుతూ రైలెక్కినా మేముండే తాండూరులో అందరిదీ ఒకటే మాట: "మ్యాచ్‌ల తాకిందా శ్యామలా?" జవాబు కూడా వాళ్లే ఇచ్చి పోతారు.

మర్పల్లి బడిలో ఖోఖో ఆడుతుంటే ఇమాముద్దీన్ సార్ నన్ను చూసి వికారాబాద్ గ్రౌండుకు తెచ్చారు. పదమూడేళ్లు నాకు. ఇప్పటికీ మా జట్టు కోచ్ ఆయనే. ఆయన మొదట నేర్పింది బంతి వేయడం కాదు, దెబ్బ తినడం. "రెండు కాళ్లు నాటుకో బిడ్డా. చేతులు రొమ్ముకాడ పెట్టుకో. ఉరికొచ్చేదాన్ని రానియ్యి, గుద్దనియ్యి. నీ కాలు కదలకుంటె తప్పు దానిది. కదిలిందా, తప్పు నీది." పెద్ద పిల్లలను నా మీదికి ఉరికించేవారు. వెల్లకిలా పడేదాన్ని. సార్ విజిల్ వేసి, గుద్దిన పిల్ల వైపు వేలు చూపేవారు. నేను పడ్డాను, తప్పు మాత్రం నాది కాదు. ఆ సంగతి ఒకటి లోకంలో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

రింగు కింద దెబ్బలు తక్కువేమీ కాదు. మోకాళ్లు తొడల్లో దిగుతాయి, గోళ్లు చర్మం లేపుతాయి. నా ఎడమ కనుబొమ ఒక పొడుగు పిల్ల మోచేతికి చిట్లింది. రక్తం కంట్లోకి దిగకముందే విజిల్ పడింది. ఆ పిల్లే చెయ్యిచ్చి లేపింది, కుట్లు వేసేదాకా పక్కన కూర్చుంది. ఆ మచ్చ అంటే నాకు ఇష్టం. అద్దంలో ముందు దాన్నే చూసుకుంటాను.

మిగతావాటిని చూసుకోను.

మా ఆయన కుమారస్వామికి నాపరాయి పాలిష్ యూనిట్ ఉంది. ఇంటికి వచ్చేటప్పటికి కనురెప్పల దాకా తెల్లటి దుమ్ము. పెళ్లైన ఏడో నెలలో పేపర్లో నా ఫొటో వచ్చింది, గాల్లోకి లేచి బంతి అందుకుంటున్నది. ఆయన దాన్ని యూనిట్లో పనివాళ్లు చూస్తుండగా చూశాడు. "పదిమంది ముందల నిక్కరేస్కొని ఎగుర్తవ్. ఆడు పాండుగాడు పేపర్ మడిచి జేబుల వెట్టుకున్నడు, ఎర్కేనా?" అన్నాడు. రాళ్లు కొలిచే కర్రతో తొడ మీద కొట్టాడు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, కర్ర విరిగాక ఆగాడు. మర్నాడు గ్రౌండులో అస్మా, మా జట్టు కెప్టెన్, ఆ కమిలిన తొడ చూసి "నిన్న మ్యాచ్‌లనా?" అంది. తల ఊపాను. రాత్రి అన్నం పెడుతూ ఆ మాటే ఆయనకు చెప్పాను, భయపడకు, ఎవరికీ తెలియదు అన్నట్టుగా. ఆయన ముద్ద ఆపి నా వంక చూశాడు. ఆ చూపు నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

మ్యాచ్‌లు లేని నెలల్లో ఆయన నా మీద చెయ్యి ఎత్తడు. వానాకాలమంతా మంచివాడు. మక్కకంకులు కాల్చి తెస్తాడు. దసరా పోయి టోర్నమెంట్లు మొదలైతే ఆయనకు కోపం మొదలవుతుంది. కూరలో ఉప్పు దగ్గర, రైలు ఆలస్యం దగ్గర, ఇస్త్రీ దగ్గర. పక్కటెముకలు ఒక నవంబరులో. ముక్కు ఒక జనవరిలో. ఇది కనిపెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. పట్టలేని కోపంతో కొట్టేవాడైతే వానలప్పుడు కూడా రావాలి కదా కోపం! పైగా మ్యాచ్ చూడటానికి వస్తాడు. చప్పట్లు కొడతాడు. మా జట్టు పిల్లలకు అరటిపండ్లు పంచుతాడు. "మా శ్యామలకు జర పైలం చెప్పుండ్రి సార్, ఒళ్లు మర్చి ఆడ్తది" అని ఇమాముద్దీన్ సార్‌తో అంటాడు. అక్కా, బావ ఎంత మంచోడు అంటారు పిల్లలు.

పోయిన నెల బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. ఆడవాళ్ల లీగు. అయిదు నెలలు అక్కడే ఉండి ఆడాలి. నాకు ఇరవై తొమ్మిది నిండాయి, ఇట్లాంటి పిలుపు మళ్లీ రాదు. వాళ్ల డాక్టరు నా ఒళ్లంతా చూసి, సార్ రాసిచ్చిన గాయాల కాగితాలన్నీ చదివి పెదవి విరిచింది. "నాలుగేళ్లలో మ్యాచ్‌ల్లో ఎనిమిది గాయాలు. ఇది త్వరగా విరిగే శరీరం. సీజన్ తట్టుకోలేవమ్మా" అంది. చివరి అవకాశంగా ఒక ఫారం ఇచ్చింది. ఒక్కో గాయం ఎక్కడ, ఎట్లా తగిలిందో రాసి, కోచ్ సంతకంతో సోమవారంలోగా పంపాలి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా ఒళ్లు విరిగేది కాదు. పదహారేళ్లుగా గుద్దులు తిని నిలబడ్డ ఒళ్లు. ఆయన దెబ్బలన్నీ నా ఆట ఖాతాలో పడి, ఇప్పుడు నా ఆటనే మింగుతున్నాయి.

ఆదివారం సాయంత్రం బెంగళూరు మాట, ఫారం మాట ఇంట్లో చెప్పాను. బీరువాలో బట్టలు సర్దుతున్నాను అప్పుడు.

"అయిదు నెలలా?" అన్నాడు.

"అయిదు నెలలే."

నా చెయ్యి అంచు మీద ఉండగా ఇనుప తలుపు తోశాడు. కేక వేశాను. తలుపు తీసి, చూసి, మళ్లీ తోశాడు. రెండోసారి భుజం ఆనించి.

"ఇయ్యాల మ్యాచ్ ఉండె గద" అన్నాడు ఊపిరి తీసుకుంటూ. "మంచిదే అయింది."

నేను గోడదాకా వెనక్కి పోయి ఉన్నాను. ఎప్పటిలాగే. కాళ్లు కదిలాయి కాబట్టి తప్పు నాదే అన్నట్టు నిలబడ్డాను.

కానీ ఆదివారం ఆయన లోడు పని ఉండి మ్యాచ్‌కు రాలేదు. వస్తే తెలిసేది.

సోమవారం వికారాబాద్‌లో రైలు దిగి నేరుగా గ్రౌండు పక్కన సార్ గదికి పోయాను. సార్ నా చెయ్యి చూసి నోట్లో ఏదో అనుకుంటూ, నేనిచ్చిన ఫారం మీద అలవాటుగా కలం పెట్టారు. "కుడిచేతి వేళ్లు… ఆదివారం మ్యాచ్‌ల…" అని రాయబోయి ఆగారు.

"నిన్న నిన్ను దింపలే గద బిడ్డా" అన్నారు మెల్లగా.

దింపలేదు. లీగు సంగతి తేలేదాకా కొత్త దెబ్బ తగలొద్దని నాలుగు క్వార్టర్లూ బెంచీ మీదే కూర్చోబెట్టారు. స్కోర్‌షీటులో కోర్టులోకి దిగిన ప్రతి పిల్ల పేరు ఎదుట ఒక ఇంటూ గుర్తు ఉంటుంది. నిన్నటి షీటులో నా పేరు ఎదుట గడి ఖాళీ. ప్రతి మ్యాచ్ నకలూ సార్ దగ్గర ఉంది, ఇనుప పెట్టెలో, ఏడాదివారీగా తాడు కట్టి.

"పాతవి గూడ తీయుండ్రి సార్" అన్నాను.

తీశారు. నేలమీద పరిచాం. ముక్కు పగిలిన వారం అసలు మ్యాచే లేదు. పక్కటెముకల రోజు ఆరు నిమిషాలు ఆడాను, అంతసేపూ అవతలి జట్టు మీద ఒక్క ఫౌలు కూడా పడలేదు. ఎనిమిదింటిలో మూడే ఆటవి. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకోలేదు.

"నాకు ఎర్కలేదనుకున్నవా?" అన్నారు. "అడిగితె ఆట బంద్ చేపిస్తడేమోనని భయపడ్డ. మంచి ఆటగత్తె పోతదని… నా ఫికర్ నాది."

ఆ మాట తలుపు కంటే గట్టిగా తగిలింది. ఫారం నా వైపు లాక్కుని ఎడమచేత్తో నేనే రాయడం మొదలుపెట్టాను. ఎక్కడ: తాండూరు, మా ఇల్లు. ఎట్లా: కర్ర. కాలు. తలుపు. ఎవరి వల్ల అన్న గడి ఫారంలో లేదు. అంచున గీత గీసి ఆ గడి కూడా చేశాను. నిన్నటి వేళ్లది కూడా కలిపి ఆరుసార్లు ఒకే పేరు రాశాను.

బయట బైకు ఆగిన చప్పుడైంది. ఆయన. సార్‌తో మాట్లాడి ఫారం పంపకుండా చేయడానికి వచ్చి ఉంటాడు. చేతిలో అరటిపండ్ల సంచి.

నేను గదిలో ఉండలేదు. షీట్లు చంకలో పెట్టుకుని గ్రౌండులోకి నడిచాను. పన్నెండు మంది పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు, అస్మా మెడలో విజిల్ వేసుకుని ఆడిస్తోంది. రింగు కింద, గీత మీద నిలబడి ఫారం ఆయనకు అందించాను.

చదివాడు. పండ్ల సంచి కింద పడింది.

"పాగలైనవా?" అన్నాడు నవ్వుతూ, పిల్లలకు వినపడేట్టు. తర్వాత దగ్గరగా వచ్చి పళ్ల బిగువున, "చింపు. ఇంటికి నడు. నడుస్తవా లేదా?"

"నడువ. పోలీస్ స్టేషన్‌కు పోతున్న. నువ్వు గూడ రా."

ఆయన భుజం లేవడం కనిపించింది. ఆ భుజం నాకు అయిదేళ్లుగా తెలుసు. వెనక్కి పోవడానికి బోలెడు జాగా ఉంది. రెండు కాళ్లు నాటుకున్నాను. చేతులు రొమ్ము దగ్గర పెట్టుకున్నాను. బంతుల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది.

దెబ్బ దవడ మీద పడింది. నోట్లో ఉప్పగా రక్తం. వెల్లకిలా పడ్డాను, కానీ నా మడమలు గీత మీదనే ఉన్నాయి.

అస్మా ఆయన వైపు వేలు చూపుతూ విజిల్ ఊదింది. ఊపిరి అయిపోయేదాకా ఊదింది.