చెప్పాలా వద్దా అన్నవాళ్లు కూర్చున్న కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. జైలు కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసిన మనిషి ఏ నేరం చేసి అక్కడికి వచ్చాడో నాకు తెలియదు. పని మాత్రం శ్రద్ధగా చేశాడు. నా చేతుల్ని గరుకు కాగితంతో మూడుసార్లు రుద్ది, నునుపు వచ్చిందో లేదో చెంపకు ఆనించి చూసుకున్నాడు. తర్వాత లారీ ఎక్కి, గోదావరి ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వాసుపత్రికి చేరాను.

మొదట నన్ను చర్మవ్యాధుల డాక్టరుగారి గదిలో వేశారు. ఆయన మందు సరిగ్గా రాసేవారు, కానీ గొంతు పెద్దది. ఒకనాడు నా మీద కూర్చున్న తాపీమేస్త్రీతో, "ఇది హెర్పిస్. మర్మావయవాల దగ్గర పొక్కులు అందుకే. ఇంట్లో మీ ఆవిడకి చెప్పు. తర్వాతెవరు?" అన్నారు. తలుపు తెరిచే ఉంది. వరండాలో ఇరవైమంది ఉన్నారు. ఆ మేస్త్రీ మందుల చీటీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. డాక్టరుగారు ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. రోజుకు నూరుమందిని చూసే మనిషి. ఆ వారంలోనే పైవాళ్లను అడిగి, మందుల గది పక్కన చిన్న గది ఖాళీ చేయించి, ఇలాంటి మాటలు చెప్పడానికి సువార్తమ్మగారిని అక్కడ కూర్చోబెట్టారు. నన్ను కూడా ఆమెకు ఇచ్చేశారు.

సువార్తమ్మ పాతికేళ్ల సర్వీసున్న నర్సు. బల్లకు ఎదురుగా ఉన్న నన్ను లాగి, తన కుర్చీ పక్కనే కొంచెం ఏటవాలుగా వేసుకుంది. తర్వాత తలుపుకు కొత్త గడియ పెట్టించింది.

ఆమెను నేను మెచ్చుకుంటాను కాబట్టి ఆమె చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మొదటి ఏడాది, చేపలు అమ్మే నాగరత్నానికి ఈ జబ్బు తేలింది. "మీ ఆయనకి దాచకుండా చెప్పేయమ్మా" అని సువార్తమ్మ పంపించింది. నాలుగో రోజున నాగరత్నం మణికట్టుకు కట్టుతో వచ్చింది. "చెప్పానండి. ఎవడితో తిరిగావే అన్నాడండి" అంది. ఆ జబ్బు ఆమెకు భర్త నుంచే ఏనాడో వచ్చి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఒంట్లో పడి ఉండి ఎప్పుడో బయటపడే జబ్బు అది. ఆ సాయంత్రం సువార్తమ్మ నాగరత్నాన్ని వెంటబెట్టుకుని వాళ్ల అక్కగారింట్లో దిగబెట్టింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, తన కుర్చీలో కాకుండా నా మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

మనుషులు తప్పు చేశాక దానికి సాకులు వెతుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. ఆమె మాత్రం ఒక ప్రశ్న వెతుక్కుంది. ఆనాటి నుంచి ఎవరొచ్చినా ముందు, "ఇంట్లో చెయ్యి చేసుకునే అలవాటుందా?" అని అడిగేది. ఉందంటే, ఒంటరిగా చెప్పొద్దని ఆపి, వేరే దారి ఆలోచించేది.

వీరవేణి వచ్చేనాటికి ఆ గది పెట్టి ఐదేళ్లయింది. వీరవేణి బ్లౌజులు కుట్టే టైలరు. భర్త ప్రమాదంలో పోయి ఆరేళ్లు. రేవులో లాంచీ ఇంజన్లు బాగుచేసే ధర్మారావుతో నెలరోజుల్లో పెళ్లి. ఈ జబ్బు మొదటి కాపురంలోనే వచ్చింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పొక్కులు లేస్తాయి, మందుతో అణుగుతాయి.

"ఆయన చెయ్యెత్తే మనిషి కాదండి" అంది, మొదటి ప్రశ్నకు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పకపోతే ఏమవుద్దండి?" అని అడిగింది.

"ఏమీ కాకపోవచ్చు. ఎప్పుడో ఆయనకి అంటుకోనూవచ్చు. పొక్కులు లేనప్పుడు కూడా ఒక్కోసారి అంటుద్దమ్మా. రోజూ మందు వేసుకుంటే, నిరోధ్ వాడితే, పొక్కులున్న రోజుల్లో దూరంగా ఉంటే చాలా మటుకు తగ్గుద్ది. అసలు అంటదని మాత్రం నేను చెప్పలేను."

"అయితే చెప్పమంటారా?"

"చెప్తేనే మంచిదంటాను. అదీ కాపురం మొదలవకముందే. ఆయన తెలిసి ఒప్పుకోవాలి కదా. ఎప్పుడు, ఎక్కడ చెప్పాలన్నది మీ ఇష్టం. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, పగటిపూట చెప్పండి. ఇప్పుడు నేనే ధర్మారావుని అనుకుని చెప్పండి, చూద్దాం."

వీరవేణికి నవ్వొచ్చింది. "మీరు ధర్మారావేంటండీ బాబూ!" అంది. తర్వాత తల దించుకుని, "నేను పాపిష్టిదాన్నండి..." అని మొదలుపెట్టింది.

"ఆగండాగండి. జ్వరం వచ్చిందని చెప్పేటప్పుడూ ఇలాగే మొదలెడతారా?"

రెండోసారి గబగబా చెప్పి ఊపిరందక ఆగిపోయింది. మూడోసారి నా చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఆ అరచేతుల చెమట నాకు తగిలింది. "నాకు హెర్పిస్ అనే జబ్బుంది. చాలామందికి ఉంటదంట. ప్రాణం మీదికి రాదు, పూర్తిగా పోదు. మందుంది. పెళ్లికి ముందే మీకు తెలియాలని చెప్తున్నాను. ఏమన్నా అడగాలంటే ఆసుపత్రికి రండి" అంది. సువార్తమ్మ తల ఊపింది.

ఆదివారం పొద్దున రేవు మెట్ల మీద వీరవేణి ఆ మాటలే చెప్పింది. ధర్మారావు అంతా విని, "సరే" అని లేచి వెళ్లిపోయాడు. ఫోను ఎత్తలేదు. పది రోజులు చూసి ఆమె మళ్లీ వచ్చి ఈ సంగతంతా చెప్పింది. "చెప్పకుండా ఉండాల్సిందండి" అని ఏడ్చింది.

ఆయన తప్పక వస్తాడని సువార్తమ్మ అనలేదు. "రాకపోవచ్చు కూడానమ్మా. రాకపోయినా మీరు చేసింది తప్పు కాదు" అంది. మంచినీళ్లిచ్చింది. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చుంది.

రెండు రోజులకు గోళ్లలో గ్రీజుతో ఒకాయన వచ్చి నా అంచున కూర్చున్నాడు. తన పేరు ధర్మారావన్నాడు. "వీరవేణికి ఇది ఎలాగొచ్చిందండి?" అన్నాడు.

"ఈ గదికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో కూడా నేను చెప్పనండి. ఎవరి సంగతి వాళ్లనే అడగాలి. జబ్బు గురించయితే ఎంతసేపైనా అడగండి."

కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, అడిగాడు. పిల్లలు పుడతారా అన్నాడు. "నిక్షేపంగా పుడతారు. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరుగారికి ముందే చెప్తే కాన్పులో జాగ్రత్త పడతారు" అంది. గడ్డం రుద్దుకుని, "నాకు జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి మీద పొక్కులొస్తాయండి. అది వేరేనా?" అన్నాడు.

"దీనికి దగ్గర చుట్టమే అది. అదీ అంటుద్ది."

అతను వేలితో పెదవి తడుముకున్నాడు. "మరి నేనెవరికీ చెప్పలేదేంటండీ!" అన్నాడు. సువార్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు.

తర్వాతి వారం ఇద్దరూ కలిసి వచ్చారు. వచ్చినవాళ్లకు ఉన్న కుర్చీ నేనొక్కదాన్నే కాబట్టి ఆమెను కూర్చోబెట్టి, అతను నా వీపు మీద చేతులాన్చి నిలబడి అన్నీ విన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయ్యాక కాజాలు తెచ్చారు. పాకం నా చేతి మీద కారి, మూడు రోజులు చీమలు పట్టాయి.

అందరి కథా ఇలా ముగియలేదు. చెప్పి విడిపోయినవాళ్లున్నారు. చెప్పలేక ఏడాది పాటు మందుకు మాత్రమే వచ్చినవాళ్లున్నారు. వాళ్లెవరినీ సువార్తమ్మ విసుక్కోలేదు. రిటైరయ్యేనాడు కూడా మధ్యాహ్నం దాకా ఆ గదిలోనే ఉంది. బయట సన్మానానికి దండలు పట్టుకుని ఎదురుచూస్తుంటే, లోపల ఒక కుర్రజంట ఇంకా అడుగుతోందని గడియ తీయలేదు.

నిరుడు ఆసుపత్రికి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. పాత సామానంతా పెరట్లోకి చేర్చారు. గుమాస్తా వచ్చి, విరిగిన మంచాలనూ, చిల్లులు పడ్డ బకెట్లనూ లెక్కపెట్టి పట్టీ రాసుకున్నాడు. నా పేరు దగ్గర "పనికిరాదు" అని రాశాడు. ఆ పట్టీ రాయడానికి, పాపం, పెరడంతా వెతికి నా మీదే కూర్చున్నాడు.