అక్క తెర కొలత

అక్క పోయిన పంతొమ్మిదో రోజున ఆమె ఆఫీసు నుంచి బుల్లికి ఫోన్ వచ్చింది. బుల్లిది కంప్యూటర్లు బాగుచేసే పని. అక్క పద్నాలుగేళ్లుగా పటాలు గీసే ఆఫీసులో పనిచేసేది. పొద్దున్నే పనికి వెళ్తూ రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది.

"మీ అక్క సీట్లోకి కొత్తమ్మాయి వచ్చిందమ్మా," అన్నాడు మేనేజరు మొహమాటపడుతూ. "ఆ తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత ఉంటున్నాయి. మేం తగ్గిస్తాం, మర్నాడు ఆన్ చేసేసరికి మళ్లీ మొదటికొస్తాయి. మిమ్మల్ని పిలవడం బాగోదు గానీ, ఆ కంప్యూటరు మొదట్లో మీరే చూసేవారని..."

"వస్తానండీ," అంది బుల్లి.

ఎందుకు ఒప్పుకుందో ఆమెకే తెలియదు. ఈ పంతొమ్మిది రోజులూ ఎవరేం చెబితే అది చేస్తోంది. తినమంటే తింది, పడుకోమంటే పడుకుంది. కంట చుక్క నీరు రాలేదు. గుండె రాయి చేసుకుందన్నారు చుట్టాలు. చేసుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా.

అక్క సీటు కిటికీ పక్కన. కుర్చీ వీపు మీద ఆమె శాలువా ఇంకా అలాగే ఉంది. కొత్తమ్మాయి గబగబా లేచి చోటిచ్చింది. తెర మీద ఊరంతా పట్టాల్సిన పటంలో నాలుగు వీధులు మాత్రమే పట్టాయి. కింద మూలన ఒక చిన్న ప్రోగ్రాం తనంతట తానే నడుస్తోంది. తెర రిజల్యూషన్ మార్చే ప్రోగ్రాం అది. తెర మీద చుక్కలు ఎక్కువుంటే అన్నీ చిన్నగా, స్పష్టంగా కనిపిస్తాయి. తగ్గిస్తే పెద్దవవుతాయి, అంచులు కాస్త మొద్దుబారతాయి.

బుల్లి దాన్ని తెరిచింది. అందులో రెండు కొలతలు దాచి ఉన్నాయి. అక్క వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. 1920×1080కి "వాళ్లకు". 800×600కి "నాకు". ఒక్క బటన్ నొక్కితే ఒకటి పోయి రెండోది వస్తుంది.

"నాకు" అన్నదాన్ని ఎప్పుడెప్పుడు మార్చిందో తేదీలతో సహా ఉంది. తొమ్మిది నెలల కిందట 1600. తర్వాత 1366. తర్వాత 1280, 1024. 800కి మార్చిన చివరి తేదీ లారీ గుద్దడానికి నాలుగు రోజుల ముందుది.

"మేనేజరుగారి చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, టక్కున ఏదో బటన్ నొక్కేది," అంది పక్క సీటు పెద్దావిడ. "పేకాట గానీ ఆడుతోందా ఏంటని నవ్వుకునేదాన్ని. ఆయన వెళ్లేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది."

"కనిపించేది కాదండీ," అంది బుల్లి.

"ఏంటి?"

"అక్కకి. చూపు తగ్గిపోయింది."

పెద్దావిడ తన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఊళ్ల పేర్లు నా చేత చదివించుకునేది," అంది. "మీ గొంతు బాగుంటుందండీ, చదవండి అనేది. నిజమే కాబోలనుకున్నా."

బుల్లి ప్రోగ్రాం తీసేయబోతే, నిజంగా తీసేయాలా అని తెర అడిగింది. అవునని నొక్కింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కంప్యూటరు ఆపి, మళ్లీ ఆన్ చేసి చూపించింది. ఊరంతా తెరలో పట్టింది.

"హమ్మయ్య!" అంది కొత్తమ్మాయి. వెంటనే నాలుక్కరుచుకుంది.

అక్కడి నుంచి బుల్లి నేరుగా అక్కావాళ్లింటికి, బావ దగ్గరికి వెళ్లింది. బావ బడిలో లెక్కలు చెబుతాడు, ఇంకా సెలవులోనే ఉన్నాడు. ఆరిన బట్టలు మడత పెడుతున్నాడు. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేసింది. అతని చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"ఆ పొద్దున టీలో చక్కెర బదులు ఉప్పేసింది," అన్నాడు. "కళ్లు నెత్తికెక్కాయా అన్నాను. మారు మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నా మాట పడలేకే లారీకి ఎదురెళ్లిందనుకుంటున్నా బుల్లీ. ఎవరికీ చెప్పుకోలేదు."

"కావాలని వెళ్లలేదు బావా. లారీ కనపడలేదు. అంతే."

"అంతేనంటావా?"

"అంతే."

బావ కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇలాంటప్పుడు వీపు నిమరాలి కాబోలనుకుని బుల్లి నిమిరింది. ఆ చెయ్యి తనది కానట్టే ఉంది.

"నాతో చెబితే ఏం పోయేది? ఉద్యోగం మానిపించేవాణ్ణా?"

"మానిపించేవాడివి బావా."

అతను ముఖం తుడుచుకున్నాడు. "అవును," అన్నాడు. "మానిపించేవాణ్ణే." తర్వాత ఆమె వంక చూసి, "నువ్వూ చూపించుకో. ఒక తల్లి పిల్లలు కదా మీరు," అన్నాడు.

మర్నాడు అతనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదవమంది. బుల్లి పై వరుస చదివింది, దాని కింది వరుస చదివింది, ఆగకుండా చీమల్లాంటి చివరి వరుస దాకా చదివేసింది. రెండో కన్నూ అంతే.

"మీ చూపుకేం ఢోకా లేదు," అంది డాక్టరు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. బావ మంచినీళ్లు తేవడానికి వెళ్లాడు. ఎదుటి దుకాణం బోర్డులు, బస్సు మీద నంబర్లు, అటువైపు నడిచే వాళ్ల చొక్కా బొత్తాలు, అన్నీ కనిపిస్తున్నాయి. అలా చదవగలిగినందుకు సిగ్గేసింది. ఇన్నాళ్లకు ఏదో ఒకటి అనిపించింది, అదైనా సిగ్గే.